కొత్తకాలం సమురాయ్ యాక్షన్ సినిమా ఒక్కటే చూడాలంటే ఏది? ‘13 అసాసిన్స్’, అదీ మొదటి నిమిషం నుంచి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ‘ఓజీ’ చూశాక కటానా (సమురాయ్‌లు వాడే ఒంపు కత్తి) మీద మోజు పుట్టింది. అందరూ గొప్పగా చెప్పే పాత జపాన్ సినిమా ఒకటి పెట్టుకున్నారు. నలుపు తెలుపు, దాదాపు మూడున్నర గంటల నిడివి. గంట గడవకముందే ఆపేశారు. ఇప్పుడు ఈ కాలంలో తీసిన, మంచి కత్తియుద్ధం ఉన్న సమురాయ్ సినిమా ఒక్కటి కావాలి. దానికి తోడు రెండు ప్రశ్నలు వేశారు: మొదట్లో సాగదీత ఉంటే ఫైట్ దగ్గరికి జరిపేసి చూడొచ్చా? కత్తి కాంతారావు సినిమాలంటే ప్రాణం పెట్టే మీ నాన్నగారితో కలిసి చూడొచ్చా?

సూటిగా చెప్తాను. 2010లో తకాషి మీకే తీసిన ‘13 అసాసిన్స్’ చూడండి. జరపొద్దు, మొదటి నుంచి చూడండి. నాన్నగారితో కలిసి మాత్రం ఇది వద్దు. ఆయనతో చూడటానికి ఇంకో సినిమా ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

నేను హైదరాబాద్‌లో పంతొమ్మిదేళ్లుగా సినిమా ఎడిటింగ్‌లో ఉన్నాను. అసిస్టెంట్‌గా చేరిన కొత్తలో నా పని ఫైట్ల రష్ (ఎడిట్ చేయని షూటింగ్ ముక్కలు) సర్దిపెట్టడం. ఏ షాట్‌లో ఏ ఫైటర్ ఎటు పడ్డాడు, ఏ టేక్‌లో టైమింగ్ తప్పింది, డూప్ మొహం ఎక్కడ కనబడిపోయింది, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ అలవాటు వల్ల ఇప్పటికీ ఫైట్ చూస్తే నాకు ముందు కనబడేది కట్. ఈ సినిమా డీవీడీ నాకు ఒక సీనియర్ ఫైట్ మాస్టర్ ఇచ్చారు. "చివరి యుద్ధం చూడు, మన సినిమాకి పనికొస్తుంది" అన్నారు. మీరు అడిగిన పనే నేనూ చేశాను, నేరుగా యుద్ధం దగ్గరికి జరిపాను. పావుగంటకే విసుగొచ్చింది. అందరివీ ఒకేలాంటి జుట్టుముడులు, ఒకేలాంటి బట్టలు. బురద, అరుపులు. ఎవరు మనవాడో ఎవరు పరాయివాడో తెలియలేదు. ఆపేసి డీవీడీ వెనక్కి ఇచ్చేశాను. ఆర్నెల్ల తర్వాత, జ్వరం వచ్చి ఇంట్లో ఉన్న రోజున మళ్లీ తెప్పించుకుని మొదటి నుంచి చూశాను. అదే యుద్ధం, అవే కట్లు. ఈసారి మంచినీళ్లకి కూడా లేవలేదు. మీకు గట్టిగా చెప్పడానికి కారణం అదే.

కథ పెద్దగా విప్పకుండా చెప్తాను. 1844. తొకుగవా వంశపు షోగున్లు (సైనిక పాలకులు) జపాన్‌ని ఏలుతున్న రోజులు. షోగున్‌కి సవతి తమ్ముడు, అకాషి సంస్థానానికి ప్రభువు అయిన నరిత్సుగు అనేవాడికి మనుషుల్ని హింసించడం కాలక్షేపం. షోగున్ తమ్ముడు కాబట్టి ఏ చట్టమూ వాడి జోలికి పోదు. పైగా త్వరలో ప్రభుత్వంలో పెద్ద పదవి రాబోతోంది. వాడి సంస్థానంలోని పెద్ద అధికారే భరించలేక, ఎడోలో (ఈనాటి టోక్యో) ఒక మంత్రి ఇంటి గుమ్మం ముందు కూర్చుని కడుపు కోసుకుని చచ్చిపోతాడు. సినిమా అక్కడ మొదలవుతుంది. దాంతో ఆ మంత్రి దోయి రహస్యంగా షిమాదా షింజాయెమోన్ అనే సమురాయ్‌ని పిలిపించి పని అప్పగిస్తాడు: నరిత్సుగు ఎడో నుంచి తన సంస్థానానికి వెళ్లే దారిలో వాణ్ణి చంపాలి. షింజాయెమోన్ మనుషుల్ని కూడగడతాడు. తనతో కలిపి పన్నెండుగురు. పదమూడోవాడు దారిలో, అడవిలో దొరుకుతాడు. అవతల రెండు వందలకు పైగా.

ఇంతే కథ. ‘పదమూడు మంది, రెండు వందల మంది’ అనగానే మన బుర్రలో ఒక సినిమా తయారైపోతుంది. కాని ఇక్కడ ఒక చారిత్రక విషయం తెలిస్తేనే మిగతాది రుచిస్తుంది. 1615లో ఒసాకా కోట పడిపోయాక జపాన్‌లో పెద్ద యుద్ధాలు దాదాపు ఆగిపోయాయి. 1637-38లో వచ్చిన షిమబరా తిరుగుబాటు చివరి పెద్ద పోరు. అంటే 1844 నాటికి రెండు వందల ఏళ్లుగా సమురాయ్‌లకు యుద్ధమే లేదు. నడుముకి రెండు కత్తులు, చేస్తున్నది గుమాస్తా పని, కాపలా పని. జీతం బియ్యం కొలతల్లో. తాత వాడలేదు, తండ్రి వాడలేదు, తనూ వాడలేదు. అయినా రోజూ పొద్దున్నే లేచి కత్తి సాధన చేయాలి. ఈ పదమూడు మందిలో చాలామంది అంతవరకు కత్తితో మనిషిని నరికి ఎరగరు. అవతలివాళ్లూ అంతే. మన హీరో ఎంట్రీకే పదిమందిని కొట్టేసి ఉంటాడు, అందుకే తర్వాత వందమందిని కొట్టినా మనకు భయం వేయదు. ఇక్కడ కత్తి ఒరలోంచి బయటికి రావడమే ఒక సంఘటన.

షింజాయెమోన్‌గా వేసింది కోజి యకుషో. ఆయన మొదట కనబడేటప్పుడు ప్రశాంతంగా చేపలు పడుతుంటాడు. ఇంటర్వెల్ దాకా మనం ఎదురుచూసే ఎలివేషన్ ఏదీ ఆయనకు ఇవ్వలేదు. ఇచ్చింది ఒక్క సీను. అది కాస్త దగ్గరగా చెప్తాను, ఎందుకంటే సినిమా మొత్తం దాని మీద నిలబడి ఉంది.

దోయి ఇంట్లో ఒక గది. ఒక యువతిని షింజాయెమోన్ ముందుకు తెస్తారు. రైతు తిరుగుబాటు నాయకుడి కూతురు. నరిత్సుగు ఆమె కాళ్లూ చేతులూ తీయించి, నాలుక కోయించి, కొన్నాళ్లు ఆటవస్తువులా ఉంచుకుని పారేశాడు. నీ వాళ్లు ఏమయ్యారని అడుగుతారు. ఆమె నోటితో చెప్పే స్థితిలో లేదు కదా. కుంచె నోట కరుచుకుని, కాగితం మీదికి వంగి రాస్తుంది. ఆ రాత వంకర్లు పోతుంటుంది. జపనీస్‌లో ఆ మాటకు అర్థం ‘అందర్నీ చంపెయ్యడం’. అప్పటికి అది జవాబు: మా వాళ్లందర్నీ చంపేశారు. షింజాయెమోన్ చేతులు వణుకుతాయి. భయం వల్ల కాదు. రెండు వందల ఏళ్లుగా తన జాతికి దొరకని పని, చావడానికి తగిన కారణం, తనకు దొరికింది. ఆ కాగితాన్ని ఆయన దాచుకుంటాడు. గంట తర్వాత, ఒచియాయ్ అనే ఊళ్లో ఉచ్చు మూసుకున్నాక, అదే కాగితాన్ని శత్రువుల ముందు విప్పి పట్టుకుంటాడు. అదే రాత, అవే అక్షరాలు. ఇప్పుడు అది జవాబు కాదు, ఆజ్ఞ.

మీరు జరిపేసి చూస్తే ఆ సమయంలో తెర మీద కనబడేది ఒక ముసలాయన, ఒక కాగితం. అంతే. అక్కడ ఫ్లాష్‌బ్యాక్ ముక్క వేయలేదు, డైలాగుతో గుర్తుచేయలేదు. ప్రేక్షకుడికి గుర్తుంటుందని నమ్మారు. ఆ నమ్మకం ఎడిట్ రూమ్‌లో నిలబెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మా అనుభవం చెప్తాను. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక సినిమాలో క్లైమాక్స్ కత్తులతోనే. పాడుబడ్డ కోటలో తొమ్మిది నిమిషాల ఫైట్, పదకొండు రోజులు తీశారు. ప్రివ్యూ చూసినవాళ్లు సెకండాఫ్ లాగుతోందన్నారు. అందరికీ టెన్షన్. ఫైట్ కోసం డబ్బు బాగా ఖర్చయింది కాబట్టి దాన్ని ముట్టుకోకుండా, దానికి ముందున్న రెండు మాటల సీన్లు తీసేశాం. ఒక దాంట్లో హీరో పక్కనుండే కుర్రాడు తన అక్కకి ఫోన్ చేస్తాడు. రెండోదాంట్లో వాళ్లు కోట చుట్టూ తిరిగి ఎవరు ఎక్కడ నిలబడాలో అనుకుంటారు. మొత్తం ఆరు నిమిషాలు. నేనే తీశాను, నేనే ఒప్పించాను. విడుదల రోజు ఉదయం ఆట చూడ్డానికి వెళ్తే, ఫైట్ మొదలైన మూడో నిమిషానికి జనం ఫోన్లు తీశారు. ఆ కుర్రాడు పడిపోయినప్పుడు హాల్లో ఏ చప్పుడూ లేదు. వాడెవడో వాళ్లకు తెలియదు. ఫైట్ ఎక్కడ జరుగుతోందో తెలియదు. లాగుతోందని తీసేసిన ఆరు నిమిషాలే ఫైట్‌కి ప్రాణమని అప్పటికి నాకు తెలియలేదు.

‘13 అసాసిన్స్’లో యుద్ధం దాదాపు 45 నిమిషాలు. సినిమాలో మూడో వంతు. అంతసేపు ఎలా కూర్చోబెట్టాడని నేను ఒకసారి కాగితం, పెన్ను పెట్టుకుని చూశాను. తేలింది ఇదీ: అది ఒక ఫైట్ కాదు, నాలుగైదు. మొదట ఊరే ఆయుధం. తలుపులు మూసుకుంటాయి, గోడలు లేస్తాయి, ఇళ్లు పేలతాయి. తర్వాత ఇంటికప్పుల మీది నుంచి బాణాలు. బాణాలు ఆపి కత్తులు దూసినప్పటి నుంచి సందుల్లో ముక్కలు ముక్కలుగా పోట్లాట. ఆ తర్వాత అలసట. చివరికి బురదలో ఇద్దరు ముగ్గురు. ప్రతి దశకీ చప్పుడు మారుతుంది, మనుషుల నడక మారుతుంది. మొదట్లో అడుగు సరిగ్గా పడుతుంది, కత్తి రెండు చేతుల్లో నిటారుగా ఉంటుంది. అరగంట గడిచేసరికి భుజాలు జారిపోతాయి, కత్తి ఎత్తడానికి ఒళ్లంతా ఊగాలి. యుద్ధానికి ముందు ఊరిని ఎలా మారుస్తున్నారో మనకు చూపించారు కాబట్టి, ఎవరు ఏ సందులో ఇరుక్కున్నారో మనకు లెక్క తెలుస్తూ ఉంటుంది.

అందులో ఒక్కటి తప్పకుండా గమనించండి. హిరయామా అని ఒక రోనిన్ (ప్రభువు లేని సమురాయ్) ఉంటాడు, త్సుయోషి ఇహారా వేశాడు. ఆ గుంపులో అసలైన కత్తిగాడు అతనే. అతను తన చోట ముందుగానే ఎన్నో కత్తులు నేలలో గుచ్చి పెట్టుకుంటాడు. ఒకటి వాడి వదిలేసి ఇంకోటి పీకుతాడు. చూడ్డానికి స్టైల్‌లా ఉంటుంది కానీ కారణం ఉంది. కటానా అంచు చాలా గట్టిగా ఉంటుంది. కొలిమిలో కాల్చే ముందు బ్లేడుకి మట్టి పూస్తారు, వీపు మీద మందంగా, అంచు మీద పలచగా. నీళ్లలో ముంచగానే అంచు త్వరగా చల్లారి గట్టిపడుతుంది, వీపు మెత్తగా ఉండిపోతుంది. ఆ ఒంపు కూడా అప్పుడే వస్తుంది. గట్టి అంచు బాగా తెగుతుంది, కానీ ఇనుముకి తగిలితే పెచ్చులూడుతుంది. రక్తం, కొవ్వు అంటుకుంటే మొద్దుబారుతుంది. ఒక్క కత్తితో వందమందిని నరకడం కుదరదు. 1565లో శత్రువులు ఇంటిని చుట్టుముట్టినప్పుడు షోగున్ అషికగా యొషితెరు కత్తులు చుట్టూ గుచ్చుకుని మార్చి మార్చి పోరాడాడని జపాన్‌లో ఒక కథ చెప్పుకుంటారు. హిరయామాని చూసినప్పుడు అక్కడివాళ్లకు అది గుర్తొస్తుంది. తన వెనక ఉన్న కుర్ర శిష్యుడితో, నన్ను దాటి వచ్చినవాణ్ణి నువ్వు నరికెయ్ అంటాడు. ఆ కత్తులు అయిపోయాక అతను ఏంచేస్తాడో మీరే చూడండి.

ఇంకో మనిషి షిన్‌రొకురో, షింజాయెమోన్ మేనల్లుడి వరస. జూదంలో కాలం గడిపే కుర్రాడు. ఇంట్లో ఉన్న అమ్మాయికి చెప్పి బయల్దేరతాడు. ఎప్పుడొస్తావంటే, ఆలస్యమైతే ఓబోన్‌కి వస్తాను, దీపం పెట్టి ఉంచమంటాడు. ఓబోన్ అంటే చనిపోయినవాళ్లు ఇంటికి వచ్చే రోజులు. వాళ్లకు దారి తెలియడానికి వాకిట్లో మంట వెలిగిస్తారు. మన మహాలయ పక్షాల లాంటివి అనుకోండి. నవ్వుతూ చెప్పి వెళ్లిపోతాడు. ఇది తెలియకపోతే మామూలు మాటలా దాటిపోతుంది, అందుకే ముందే చెప్తున్నాను.

విలన్ గురించి కూడా ఒక మాట. నరిత్సుగుగా వేసిన గోరో ఇనగాకి జపాన్‌లో 2016 దాకా ఉన్న పేరున్న పాప్ బృందం ‘స్మాప్’లో గాయకుడు. గొంతు పెంచడం అరుదు. వాడికి కోపం లేదు, విసుగు ఉంది. వాడి పక్కన కాపలాగా ఉండే హన్‌బే మాత్రం మంచివాడు. షింజాయెమోన్‌కి పాత సహాధ్యాయి. తన ప్రభువు ఎలాంటివాడో అతనికి అందరికంటే బాగా తెలుసు, అయినా ప్రభువు ప్రభువే. సినిమాలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అతనే. కత్తియుద్ధం కింద అసలు వాదన వీళ్లిద్దరి మధ్య నడుస్తుంది: సమురాయ్ బతకాల్సింది ప్రభువు కోసమా, ప్రజల కోసమా?

జాగ్రత్తలు. హింస చాలా ఉంది. మొదటి ఆత్మహత్య సీనులో కెమెరా మొహం మీదే ఉంటుంది, గాయం చూపించరు, కానీ ఆ చప్పుడు చాలు. యువతి సీను చాలామంది తట్టుకోలేరు. పిల్లలు ఇంట్లో మెలకువగా ఉండగా పెట్టుకోకండి. మంట పెట్టిన ఎద్దుల్ని వదిలే చోట గ్రాఫిక్స్ బలహీనంగా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. పదమూడు మందిలో సగం మంది పేర్లు మీకు చివరికి కూడా గుర్తుండవు. అడవిలో దొరికే కొయాతా పాత్ర కొంతమందికి వేరే సినిమాలోంచి వచ్చినట్టు అనిపిస్తుంది. నాకైతే అతను కావాలి: సమురాయ్‌ల గొప్పని లెక్కచేయకుండా, వీళ్లు ఇంతేనా అని మొహం మీదే అడిగేవాడు ఆ గుంపులో అతనొక్కడే.

సినిమాకి రెండు నిడివులున్నాయి. జపాన్‌లో విడుదలైనది 141 నిమిషాలు, బయటి దేశాలకు పంపినది దాదాపు 125. మొదటిసారికి చిన్నది చాలు. యుద్ధానికి దెబ్బ తగల్లేదు. డబ్బింగ్‌లో చూడకండి, జపనీస్ మాటలతో సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. యకుషో గొంతు మారిపోతే సగం సినిమా పోతుంది. 1963లో ఎయిచి కుదో ఇదే కథ నలుపు తెలుపులో తీశాడు, మీకే తీసినది దాని రీమేక్. పాతదాంట్లో అవతలి గుంపు 53 మంది. అదీ గట్టి సినిమానే, కానీ ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి. ఇది నచ్చితే అప్పుడు చూడండి, మీరు ఆపేసిన మూడున్నర గంటల సినిమా కూడా అప్పుడు వేరేగా కనబడుతుంది.

‘ఇంకా వేగం కావాలి, ఎగరాలి, పరిగెత్తాలి’ అంటే ‘రురౌని కెన్షిన్’ ఉంది. 2012లో మొదటిది, 2014లో రెండు, 2021లో రెండు, మొత్తం ఐదు. దర్శకుడు కెయిషి ఒతొమో. యాక్షన్ కెంజి తనిగాకి. ఆయన హాంకాంగ్‌లో యాక్షన్ హీరో డానీ యెన్‌తో పనిచేసి వచ్చినవాడు, ఆ ఊపు ప్రతి ఫైట్‌లో ఉంటుంది. మొదటిదాని కథ 1878లో, సమురాయ్‌ల కాలం ముగిశాక. 1876లో మామూలు జనం నడుముకి కత్తి కట్టుకు తిరగడాన్ని ప్రభుత్వం నిషేధించింది. హీరో ఒకప్పటి హంతకుడు, ఇక చంపనని ఒట్టు పెట్టుకున్నాడు. అతని కత్తికి పదును లోపలివైపు, ఎదుటివాడికి తగిలేది మొద్దు వైపు. ఈ ఒక్క ఊహతో అన్ని ఫైట్లూ కొత్తగా మారిపోయాయి. మన మాస్ సినిమాలకు అలవాటుపడ్డ కంటికి ఇది చాలా సులువుగా ఎక్కుతుంది. మరి దీన్ని మొదట ఎందుకు చెప్పలేదంటే, ఇందులో కత్తికి బరువు తెలియదు. ఒక కటానా కిలోకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, దాన్ని అరగంట తిప్పితే చెయ్యి ఏమవుతుందో ‘13 అసాసిన్స్’లో తెలుస్తుంది. ఆ బరువు ఒకసారి చూశాక కెన్షిన్ గాల్లో తేలడం ఇంకా బాగుంటుంది.

2020లో వచ్చిన ‘క్రేజీ సమురాయ్ ముసాషి’ గురించి కూడా ఎవరైనా చెప్తారు. 77 నిమిషాల ఫైట్, కట్ లేకుండా ఒకటే షాట్, తక్ సకగుచి ఒక్కడు 588 మందితో. ఎడిటర్‌గా నాకు అది చదువుకోవాల్సిన పాఠం. నటుడు నిజంగా అలిసిపోవడం కళ్లముందు కనబడుతుంది. కాని మొదటి సినిమాగా వద్దు. పడినవాళ్లే లేచి మళ్లీ వస్తున్నట్టు అనిపించి మీరు ఆపేస్తారు.

దానికంటే ముందు 2024లో వచ్చిన ‘ఎ సమురాయ్ ఇన్ టైమ్’ చూడండి. యాక్షన్ తక్కువ, కానీ ఇది మా పరిశ్రమవాళ్ల సినిమా కాబట్టి దాటలేకపోతున్నాను. షోగున్ల కాలం చివర్లో ఉన్న ఒక సమురాయ్ మీద పిడుగు పడి, ఇప్పటి క్యోటో ఫిల్మ్ స్టూడియోలో కళ్లు తెరుస్తాడు. బతకడానికి అతనికి దొరికే పని ‘కిరారెయాకు’, అంటే హీరో చేతిలో నరికించుకునే పని. జపాన్‌లో అదొక వృత్తి, మన ఫైటర్లలాగే. ఆ వృత్తిలో పేరున్నవాడు సెయిజో ఫుకుమోతో. యాభై వేల సార్లు చచ్చినవాడని ఆయన్ను పిలిచేవారు. దెబ్బ తగలగానే రొయ్యలా వెనక్కి వంగి పడేవాడు, అలా పడితే తన మొహం కెమెరాకి కనబడుతుందని. ఆ విషయం చదివాక రష్‌లో వెనక పడుతున్న ఫైటర్ మొహం కూడా చూడటం అలవాటు చేసుకున్నాను. దర్శకుడు జునిచి యసుదా వరి పండించే రైతు కూడా. దాదాపు 2.6 కోట్ల యెన్లు, మన లెక్కలో కోటిన్నర రూపాయలకి అటూ ఇటూ, చాలావరకు సొంత డబ్బు పెట్టి తీశాడు. టోక్యోలో ఒక్క థియేటర్‌లో మొదలై మూడు వందలు దాటింది. 2025లో జపాన్ అకాడమీ ఉత్తమ చిత్రం బహుమతి తీసుకుంది. అందులో ఇద్దరు నటులు నిజం కత్తులు పట్టుకుని ఎదురెదురుగా నిలబడే చోటు ఉంది. చాలాసేపు ఎవరూ కదలరు. ఇంత యాక్షన్ కోసినవాణ్ణి, ఆ కదలకపోవడంలో నేను ఊపిరి బిగబట్టాను.

ఇక నాన్నగారు. కాంతారావు గారి కత్తియుద్ధాల మీద పెరిగిన మనిషికి మీకే సినిమా చూపిస్తే యుద్ధం దాకా రాకముందే లేచి వెళ్లిపోతారు, యువతి సీను దగ్గరే. పైగా కత్తికి కత్తి తగిలి ఖణేల్‌మని మోగుతూ మెట్ల మీద పైకీ కిందికీ సాగే పోట్లాట ఆయనకు ఇష్టం. అది ఒక కళ, చిన్నప్పుడు నేనూ చీపురు పుల్లలతో ఆడినవాణ్ణే. ఇక్కడ అలా ఉండదు. అంచు చెడిపోతుందని కత్తికి కత్తి అడ్డం పెట్టడమే తక్కువ. ఒక అడుగు, ఒక వేటు, అంతే.

ఆయనతో కలిసి ‘ది ట్విలైట్ సమురాయ్’ చూడండి. 2002, యోజి యమదా దర్శకత్వం. సెయిబేగా హిరొయుకి సనాదా. ఈమధ్య ‘షోగున్’ సిరీస్‌లో చేసిన ఆయనే. సెయిబే ఒక గిడ్డంగిలో సరుకుల లెక్కలు రాసే సమురాయ్. జీతం 50 కొకులు (కొకు అంటే బియ్యం కొలత), అదీ కోతలు పోగా. భార్య క్షయతో పోయింది, ఇద్దరు చిన్న కూతుళ్లు, మతి తప్పిన తల్లి. పని అవగానే తోటివాళ్లతో తాగడానికి వెళ్లకుండా పొద్దుగూకే వేళకి ఇంటికి వెళ్లిపోతాడు కాబట్టి ‘ట్విలైట్’, అంటే మునిమాపు, అని వెక్కిరిస్తారు. రాత్రిళ్లు కూర్చుని అమ్మడానికి పురుగుల పంజరాలు అల్లుతాడు. సినిమాలో ఫైట్లు రెండే. ఒకటి ఏటి ఒడ్డున, సెయిబే చేతిలో కర్ర. రెండోది చివర్లో ఒక ఇంట్లో, చీకట్లో. ఆ ఇంటి కప్పు ఎంత ఎత్తులో ఉందో లోపలికి వెళ్లగానే ఒకసారి చూసుకోండి, ఇంకేం చెప్పను.

మా నాన్న రిటైరయ్యేదాకా ఒక గోడౌన్‌లో స్టాక్ రిజిస్టర్ రాశారు. నాలుగేళ్ల క్రితం సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఈ సినిమా ఆయన పక్కన కూర్చుని చూశాను. సబ్‌టైటిల్స్ ఆయనకు అందవు, నేనే తెలుగులో చెప్తూ వచ్చాను. చివరి పోరాటానికి ముందు ఎదుటివాడితో సెయిబే మాటల్లో ఒక నిజం చెప్పేస్తాడు: భార్య అంత్యక్రియలకి డబ్బుల్లేక పెద్ద కత్తి అమ్మేశాను, ఒరలో ఉన్నది వెదురు బద్ద. నేను ఆ మాట తెలుగులో చెప్పగానే మా నాన్న రిమోట్ అడిగి ఆపించారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మీ అమ్మ ఆపరేషన్‌కి నేను సైకిల్ అమ్మాను, ఆఫీసులో టైరు పంక్చరైందని చెప్పా, రెండు నెలలు" అన్నారు. నాకు అంతవరకు తెలియదు. తర్వాత ఆయనే ప్లే నొక్కారు.